నీటిలో ఋణ అయాన్లు, వెలిగే అణువులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే అంశం మీద వచ్చాయి. నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్, క్లోరైడ్, ఫాస్ఫేట్, నైట్రైట్ లాంటి ఋణ అయాన్లను ఫ్లోరోసెన్స్ అణువులతో (ఒక కాంతి పడితే వేరే రంగులో వెలిగే అణువులతో) గుర్తించడం ఎలా, ఎక్కడ తేడా వస్తుంది అని అడిగారు. కొన్ని జవాబులు పొడవయ్యాయి. ప్రయోగం చేసేవాళ్లకు పనికిరావాలనే అలా రాశాం.

ప్రశ్న: కాల్షియం, జింకు లాంటి ధన అయాన్లకు ఫ్లోరోసెన్స్ సెన్సర్లు బోలెడున్నాయి. ఋణ అయాన్ల దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ నీటిలో, ఎందుకింత కష్టం? – ఎమ్మెస్సీ విద్యార్థి

జవాబు: అడ్డం పడేది నీరే. పొటాషియం అయాన్ వ్యాసార్థం 1.38 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఫ్లోరైడ్‌ది 1.33. సైజు దాదాపు ఒకటే. కానీ పొటాషియం జలయోజన శక్తి (నీరు అయాన్‌ను చుట్టుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి) మోలుకు సుమారు 295 కిలోజౌళ్లయితే ఫ్లోరైడ్‌ది సుమారు 465. సల్ఫేట్‌కు అది 1,080 దాకా ఉంటుంది. సెన్సర్ అణువు ఆ అయాన్‌ను పట్టుకోవాలంటే ముందు దాని చుట్టూ ఉన్న నీటి పొరను ఒలవాలి. ఒలవడానికి అయ్యే శక్తి అంతా కొత్త బంధం నుంచి తిరిగి రావాలి. యూరియా, అమైడ్, పిరోల్ సమూహాలు ఇచ్చే హైడ్రోజన్ బంధాలు నీరు ఇచ్చేవాటికంటే పెద్ద బలమైనవి కావు. పైగా నీటి గాఢత 55 మోలార్, మీ సెన్సర్ గాఢత 10 మైక్రోమోలార్. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

దీనికి తోడు ఋణ అయాన్ రూపం పీహెచ్‌తో మారుతుంది. తటస్థ నీటిలో ఫాస్ఫేట్ ఒకే అయాన్‌గా ఉండదు, రెండు రూపాలు కలిసి ఉంటాయి. ఆకారాలూ వేరువేరు: క్లోరైడ్ గోళం, నైట్రేట్ చదునైన త్రిభుజం, సల్ఫేట్ చతుర్ముఖి. సయనైడ్ రెండు పరమాణువుల కడ్డీ.

అసాధ్యమైతే కాదు. బాక్టీరియాలో ఉండే సల్ఫేట్-బంధక ప్రోటీన్ ఒక్క నీటి అణువు కూడా లేని గూటిలో సల్ఫేట్‌ను 7 హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. మనుషులు చేసిన అణువుల్లో నీటిలో నిలబడినవి ప్రధానంగా మూడు దారుల్లో వెళ్లాయి. జింకు, యూరోపియం లాంటి లోహాన్ని పెట్టి దానికి అయాన్‌ను తగిలించడం ఒకటి. ఒక ప్రత్యేక అయాన్‌తోనే జరిగే రసాయన చర్యను వాడుకోవడం రెండోది. అసలు పట్టుకోకుండా, అయాన్ వచ్చి ఢీకొంటే వెలుగు తగ్గేలా చూడడం మూడోది. కింది జవాబుల్లో మూడూ వస్తాయి.

ప్రశ్న: యూరియా సమూహం ఉన్న సెన్సర్ తయారుచేశాను. డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే కర్బన ద్రావణి)లో టెట్రాబ్యూటైల్ అమ్మోనియం ఫ్లోరైడ్ వేయగానే రంగు, ఫ్లోరోసెన్స్ రెండూ మారుతున్నాయి. క్లోరైడ్, బ్రోమైడ్‌లతో ఏమీ లేదు. కానీ నాలుగు చుక్కల నీళ్లు పడితే అంతా మొదటికి వస్తోంది. ఎక్కడ తప్పు? – పరిశోధక విద్యార్థిని

జవాబు: మీ అణువు ఫ్లోరైడ్‌ను పట్టుకోవడం లేదని మా అనుమానం. ఫ్లోరైడ్ దాని ప్రోటాన్‌ను లాగేస్తోంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పీకేఏ (ఆమ్లబలం కొలత; అంకె పెరిగేకొద్దీ ఆమ్లం బలహీనం) నీటిలో 3.2, డీఎంఎస్‌ఓలో 15 దరిదాపు. అంటే నీటిలో బలహీన క్షారమైన ఫ్లోరైడ్ డీఎంఎస్‌ఓలో బలమైన క్షారంగా మారిపోతుంది. యూరియా నత్రజని మీది ప్రోటాన్‌ను ఊడబెరికి, ఇంకో ఫ్లోరైడ్‌తో కలిసి బైఫ్లోరైడ్ (రెండు ఫ్లోరైడ్‌ల మధ్య ఒక ప్రోటాన్ ఉన్న అయాన్) అవుతుంది. మీరు చూస్తున్న రంగు ప్రోటాన్ పోయిన మీ సొంత అణువుది. నీళ్లు పడగానే ప్రోటాన్ తిరిగొస్తుంది, రంగు పోతుంది.

నిర్ధారించుకోవడం కష్టమేం కాదు. అదే ద్రావణంలో ఫ్లోరైడ్‌కు బదులు టెట్రాబ్యూటైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్ వేయండి. వర్ణపటం అచ్చం అలాగే మారితే అది బంధం కాదు, క్షారచర్య. తర్వాత పొడి డీఎంఎస్‌ఓ-డీ6లో ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ తీయండి. ఒక తుల్యాంకం (సెన్సర్ ఎన్ని మోల్‌లో ఫ్లోరైడ్ కూడా అన్ని మోల్‌లు) దాటాక యూరియా ఎన్‌హెచ్ సంకేతం మాయమై, 16 పీపీఎం దగ్గర ట్రిప్లెట్ కనిపిస్తే అది బైఫ్లోరైడే. ఎసిటేట్, డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌లతో కూడా కొంత మార్పు వస్తోందా చూడండి. క్షారబలం క్రమంలోనే స్పందన పెరుగుతుంటే ఇక సందేహం అక్కర్లేదు.

నీటిలో ఫ్లోరైడ్ కావాలంటే దారి మార్చాలి. ఫ్లోరైడ్‌కు సిలికాన్ అన్నా బోరాన్ అన్నా విపరీతమైన మక్కువ. ఫ్లోరోసెన్స్ ఇచ్చే ఫీనాల్‌ను సిలైల్ ఈథర్‌గా కప్పి ఉంచితే, ఫ్లోరైడ్ ఆ కప్పును తెంచి వెలుగును విడుదల చేస్తుంది. ఎంపిక (కావలసిన అయాన్‌కే స్పందించడం) బాగుంటుంది, వేగం ఉండదు. నీటి పొరలో ఇరుక్కున్న ఫ్లోరైడ్ మందకొడిగా పనిచేస్తుంది కాబట్టి మైక్రోమోలార్ స్థాయిలో గంటలు పట్టవచ్చు. చాలామంది కొద్దిగా సర్ఫాక్టంట్ (సబ్బు లాంటి పదార్థం) కలిపి వేగం పెంచుతారు. ఈ పద్ధతిలో ఫ్లోరైడ్ లేని ఖాళీ ద్రావణాన్ని కూడా అంతసేపూ చదువుతూ ఉండాలి. క్షార బఫర్‌లో సిలైల్ ఈథర్ దానంతటదే తెగిపోతుంది, అదే మీ తప్పుడు సంకేతం. రెండో దారి బోరాన్ పక్కనే ధనావేశం పెట్టిన బోరేన్లు. ఆ ధనావేశం వల్లే నీటిలో కూడా ఫ్లోరైడ్ వాటికి అంటుకుంటుంది.

ప్రశ్న: నీటిలో క్లోరైడ్‌ను ఫ్లోరోసెన్స్‌తో కొలిచే నమ్మకమైన పద్ధతి చెప్పండి. కాలేజీ ల్యాబ్‌లో మామూలు ఫ్లోరిమీటర్ ఉంది. – రసాయనశాస్త్ర అధ్యాపకుడు

జవాబు: లూసిజెనిన్ అనే వెలిగే రంజకం వాడండి. క్లోరైడ్ దగ్గరికొచ్చి ఢీకొంటే దాని వెలుగు తగ్గుతుంది. నైట్రేట్, సల్ఫేట్, ఫాస్ఫేట్‌లకు దాదాపు స్పందించదు. బ్రోమైడ్, అయొడైడ్, థయోసయనేట్‌లు మాత్రం క్లోరైడ్‌కంటే బలంగా ఆర్పేస్తాయి, ఆ సంగతి మరిచిపోకూడదు.

తయారీ ఇలా. లూసిజెనిన్ నైట్రేట్ 5.1 మిల్లీగ్రాములు 10 మి.లీ. శుద్ధ నీటిలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ నిల్వ ద్రావణం వస్తుంది. ముదురు రంగు సీసాలో, చల్లగా ఉంచండి. నేపథ్య ద్రావణంగా 5 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7.0, అందులో 100 మిల్లీమోలార్ సోడియం నైట్రేట్ తీసుకోండి. నైట్రేట్ ఎందుకంటే, లూసిజెనిన్ మీద రెండు ధనావేశాలున్నాయి, క్లోరైడ్ ఋణావేశం. ద్రావణంలో మొత్తం అయాన్ల బలం మారితే వాటి మధ్య ఆకర్షణ మారి ఆర్పే బలం కూడా మారుతుంది. నైట్రేట్‌ను ఎక్కువగా, అన్ని గొట్టాల్లో ఒకేలా ఉంచితే ఈ తేడా అణగిపోతుంది.

సోడియం క్లోరైడ్ 0.584 గ్రాములు 100 మి.లీ.కి చేస్తే 100 మిల్లీమోలార్. ఆరు 10 మి.లీ. ఫ్లాస్కుల్లో ఈ ద్రావణం 0, 50, 100, 200, 400, 800 మైక్రోలీటర్లు వేయండి. ఒక్కొక్కదానిలో 50 మైక్రోలీటర్ల లూసిజెనిన్ నిల్వ ద్రావణం వేసి, నేపథ్య ద్రావణంతో గీత దాకా నింపండి. సెన్సర్ 5 మైక్రోమోలార్, క్లోరైడ్ 0 నుంచి 8 మిల్లీమోలార్ దాకా వస్తాయి. ఉత్తేజం (లోపలికి పంపే కాంతి) 450 నానోమీటర్లు, ఉద్గారం (అణువు ఇచ్చే వెలుగు) 505. సెల్ హోల్డర్‌ను 25 డిగ్రీల వద్ద కట్టడి చేయండి. ఇది ఢీకొట్టడం మీద ఆధారపడిన చర్య, వేడి పెరిగితే అణువులు వేగంగా కదిలి ఎక్కువ ఆరిపోతుంది.

క్లోరైడ్ లేనప్పటి తీవ్రతను, ఉన్నప్పటి తీవ్రతతో భాగించి, ఆ నిష్పత్తిని క్లోరైడ్ గాఢతకు ఎదురుగా గీయండి. 1 దగ్గర మొదలయ్యే సరళరేఖ రావాలి. దీన్నే స్టెర్న్-వోల్మర్ గీత అంటాం. నీటిలో లూసిజెనిన్‌కు వాలు మోలార్‌కు సుమారు 390 అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్కన 2.6 మిల్లీమోలార్ దగ్గర వెలుగు సగానికి పడాలి. నైట్రేట్ కలిపిన మీ ద్రావణంలో వాలు అంతకంటే తక్కువ రావడం సహజం. పుస్తకంలో అంకె కాదు, మీ గీతే మీకు ప్రమాణం. లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ అంటే 7 మిల్లీమోలార్. కాబట్టి ఉప్పటి నీటిని 10 రెట్లు పలుచన చేసి చదవాలి.

ఇక తప్పులు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఎవరూ అనుమానించనిది పీహెచ్ ఎలక్ట్రోడ్. దాని లోపల 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, సన్నటి రంధ్రంలోంచి కారుతూనే ఉంటుంది. 100 మి.లీ. బఫర్‌లోకి 10 మైక్రోలీటర్లు కారితే చాలు, 0.3 మిల్లీమోలార్ క్లోరైడ్ చేరినట్టే. వెలుగు అప్పటికే దాదాపు 10 శాతం పడిపోతుంది. అందుకే కొద్దిగా బఫర్ వేరే బీకరులోకి వంపి పీహెచ్ చూడండి, చూశాక అది పారబోయండి. పీహెచ్ దించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకండి, నైట్రిక్ వాడండి. ట్రిస్-హైడ్రోక్లోరైడ్, పీబీఎస్ (ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్)ల ఊసే వద్దు. పీబీఎస్‌లో క్లోరైడ్ దాదాపు 140 మిల్లీమోలార్ ఉంటుంది. ఎక్కువ క్షారంలో లూసిజెనిన్ విచ్ఛిన్నమై నీలంగా వెలిగే ఎన్-మిథైల్ అక్రిడోన్ అవుతుంది కాబట్టి పీహెచ్ 8 దాటనివ్వకండి.

గీత పైకి వంగితే, ఢీకొట్టడంతో పాటు వెలగని జంట కూడా ఏర్పడుతోందని అర్థం. శోషణ వర్ణపటం తీసి చూడండి: కేవలం ఢీకొట్టడమే అయితే అది మారదు. రంగునీళ్లలో క్లోరైడ్ లేనప్పటి తీవ్రత ఎంతో తెలియదు గనక ప్రామాణిక గీత మోసం చేస్తుంది. అప్పుడు అదే నమూనాలో తెలిసిన మోతాదుల క్లోరైడ్ మూడుసార్లు కలుపుతూ చదివి, వెనక్కి లెక్కగట్టండి.

ప్రశ్న: జింకు-డైపికోలైల్ అమీన్ సెన్సర్ ఫాస్ఫేట్‌కు వాడుతున్నాను. వెలుగు ముందు పెరిగి, ఇంకా వేస్తే తగ్గుతోంది. సెన్సర్ పాడైపోయిందా? – పీహెచ్‌డీ విద్యార్థి

జవాబు: పాడవలేదు. మీ అణువులో పైరీన్ లాంటి చదునైన వలయం ఉంటే, తక్కువ ఫాస్ఫేట్ దగ్గర రెండు సెన్సర్ అణువులు ఒక అయాన్‌ను మధ్యలో పెట్టుకుని కూర్చుంటాయి. రెండు పైరీన్‌లు ఒకదానిమీద ఒకటి పడి ఎక్సైమర్ వెలుగు (జంటగా ఉన్నప్పుడే వచ్చే వెలుగు) ఇస్తాయి. అయాన్‌లు ఎక్కువైతే ఒక్కో సెన్సర్‌కు ఒక్కో అయాన్ దొరుకుతుంది, జంట విడిపోతుంది, ఎక్సైమర్ పోతుంది. మోనోమర్ పట్టీ (విడి పైరీన్ ఇచ్చే వెలుగు) అదే సమయంలో పెరుగుతోందా చూడండి. పెరుగుతుంటే ఇదే కారణం. 1:1 సమీకరణంతో ఈ దత్తాంశాన్ని సరిపెట్టకండి. 2:1, 1:1 రెండూ ఉన్న నమూనా కావాలి. జాబ్ ప్లాట్‌ను (సెన్సర్, అయాన్ ఏ నిష్పత్తిలో కలుస్తాయో చూపే గీతను) కూడా నమ్మకండి, ఇలాంటి మిశ్రమ సంశ్లిష్టాల్లో అది తప్పుదారి పట్టిస్తుంది.

ఇంకో మాట. రెండు జింకు కేంద్రాలున్న సెన్సర్లు నిజంగా ఇష్టపడేది పైరోఫాస్ఫేట్‌ను (రెండు ఫాస్ఫేట్‌లు కలిసిన అయాన్‌ను). మామూలు ఫాస్ఫేట్ బంధం దానిముందు చాలా బలహీనం. కణాల్లో శక్తిని మోసే ఏటీపీ బంధం బలం ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. నీటి కాలుష్యం కోసం మామూలు ఫాస్ఫేట్ కొలవాలనుకుంటే ఈ అణువు సరైన ఎంపిక కాదనే చెబుతాం. పైరోఫాస్ఫేట్‌కే అయితే 10 మిల్లీమోలార్ హెపెస్ బఫర్, పీహెచ్ 7.4, సెన్సర్ 5 నుంచి 10 మైక్రోమోలార్ బాగుంటాయి. క్లోరైడ్ పద్ధతిలో మనకు పనికొచ్చిన ఫాస్ఫేట్ బఫర్ ఇక్కడ విషం. లోహాలను పట్టేసే ఈడీటీఏ, సిట్రేట్ ఉంటే జింకును లాక్కుంటాయి. గట్టి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పైరోఫాస్ఫేట్‌కు అతుక్కుని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. గాజు సామానును ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంట్‌తో కడగకండి.

ప్రశ్న: రాగి కలిపి ఆర్పేసిన రంజకం సయనైడ్ వేస్తే మళ్లీ వెలుగుతుందట. ఇది సయనైడ్‌కే ప్రత్యేకమా?

జవాబు: కాదు. రాగి(2) వెలుగును ఆర్పుతుంది, సయనైడ్ రాగిని లాక్కుపోతే వెలుగు తిరిగొస్తుంది. సల్ఫైడ్ కూడా రాగిని అంతకు తక్కువ కాకుండా లాగుతుంది. కాపర్ సల్ఫైడ్‌గా అవక్షేపిస్తుంది. మురుగునీటిలో రెండూ ఉండొచ్చు. సల్ఫైడ్‌ను ముందే వేరు చేయకపోతే మీ అంకెకు అర్థం లేదు. సయనైడ్ పని శిక్షణ ఉన్నవాళ్లు ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. హైడ్రోజన్ సయనైడ్ పీకేఏ 9.2 కాబట్టి ద్రావణం పీహెచ్ ఎప్పుడూ 11 కిందకు దిగకూడదు, ఆమ్లం తగిలితే ప్రాణాంతక వాయువు పైకి లేస్తుంది.

ప్రశ్న: చాలా తక్కువ నైట్రైట్‌ను కొలవాలి. నైట్రైట్‌కు మామూలుగా చేసే గ్రీస్ రంగు పరీక్ష సరిపోవడం లేదు. – నీటి పరీక్ష కేంద్రం సాంకేతిక నిపుణురాలు

జవాబు: 2,3-డైఅమైనో నాఫ్తలీన్ పద్ధతి మీకు సరిపోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు అమైనో సమూహాలను ఆమ్ల ద్రావణంలో నైట్రైట్ కలిపి ట్రయజోల్ వలయం చేస్తుంది. ఈ పని చేసే అయాన్ వేరే లేదు. ఎంపిక విషయంలో మనకు తెలిసిన అతి మంచి పద్ధతుల్లో ఇదొకటి.

మైక్రోప్లేట్ గుంటలో 100 మైక్రోలీటర్ల నమూనా వేయండి. 0.62 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మి.లీ.కి 0.05 మిల్లీగ్రాముల చొప్పున కరిగించిన కారకం 10 మైక్రోలీటర్లు వెంటనే కలిపి బాగా కుదపండి. గది ఉష్ణోగ్రత దగ్గర చీకట్లో 10 నిమిషాలు ఉంచండి. తర్వాత 2.8 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 5 మైక్రోలీటర్లు వేసి ఆపండి. ఉత్తేజం 365, ఉద్గారం 450 నానోమీటర్ల దగ్గర చదవండి. క్షారంలోనే ట్రయజోల్ గట్టిగా వెలుగుతుంది, ఆ చివరి 5 మైక్రోలీటర్లు సరిగా కలవకపోతే గుంటకూ గుంటకూ పొంతన ఉండదు. పదుల నానోమోలార్ దాకా దిగవచ్చు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 3 మిల్లీగ్రాములు/లీటరు అంటే 65 మైక్రోమోలార్, దానికి పలుచన తప్పదు.

కారకం గోధుమ రంగుకు తిరిగితే పారేయండి. అది ఆరోమాటిక్ అమీన్, చేతికి గ్లవ్స్ ఉండాలి. నమూనాకే బలమైన బఫర్ ఉంటే 10 మైక్రోలీటర్ల ఆమ్లం దాన్ని గెలవలేదు, చర్య ఆగిపోతుంది. కలిపాక పీహెచ్ కాగితంతో ఒక గుంట చూసుకోండి. వడపోత పొరల నుంచి నైట్రైట్ దిగుతుంటుంది. పొరను శుద్ధ నీటితో కడిగి, ఆ నీటినే ఖాళీ నమూనాగా చదివితే తెలుస్తుంది. నైట్రేట్ కూడా కావాలని దాన్ని నైట్రైట్‌గా మార్చే రిడక్టేజ్ ఎంజైమ్ వాడితే, ఆ ఎంజైమ్‌కు తోడుగా వేసే ఎన్‌ఏడీపీహెచ్ మిగిలిపోయి 460 దగ్గర తనే వెలుగుతుందని గుర్తుంచుకోండి. దాన్ని అతి తక్కువగా వాడాలి.

ప్రశ్న: ఇంట్లో యూవీ టార్చ్‌తో, ఓ చుక్క రసాయనంతో తాగునీటిలో ఫ్లోరైడ్ తెలుసుకోవచ్చా? – గృహిణి

జవాబు: నమ్మదగ్గట్టు తెలియదండి. లీటరుకు 1 మిల్లీగ్రాముకూ 2 మిల్లీగ్రాములకూ ఉన్న తేడానే మీకు ముఖ్యం, సిఫార్సు చేసిన హద్దు 1.5. వెలుగులో అంత సన్నటి తేడాను కన్ను పట్టలేదు. పైగా నీటిలోని ఆకు కుళ్లు పదార్థాలు యూవీ కింద తామే నీలంగా మెరుస్తాయి. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉన్న ఎలక్ట్రోడ్‌తో ప్రయోగశాలలో చేయించండి.

ప్రశ్న: పరిశోధన పత్రాల్లో "ఇతర అయాన్లు 10 తుల్యాంకాలు కలిపినా స్పందన లేదు" అని ఉంటుంది. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఖాళీ ద్రావణంలో కూడా చిన్న శిఖరం ఎందుకొస్తుంది?

జవాబు: మొదటిదానికి లెక్క వేసి చూడండి. సెన్సర్ 10 మైక్రోమోలార్ అయితే 10 తుల్యాంకాల క్లోరైడ్ అంటే 100 మైక్రోమోలార్, అంటే లీటరుకు 3.5 మిల్లీగ్రాములు. బోరునీటిలో 250 ఉండొచ్చు, అది 700 తుల్యాంకాలు. లీటరుకు 300 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ అంటే దాదాపు 490 తుల్యాంకాలు. పోటీ పరీక్ష నిజమైన నీటిలో ఉండే మోతాదులతో, కావలసిన అయాన్‌ను తక్కువగానే ఉంచి చేయాలి. విడివిడిగా కాదు, అన్నీ కలిపి కూడా. ఒక మంచి సెన్సర్‌కు ఎంపిక అనేది అణువు ఒక్కదాని గుణం కాదు. ఆ పీహెచ్‌లో, ఆ బఫర్‌లో, ఆ మోతాదుల్లో మాత్రమే అది నిజం. అవి చెప్పని పత్రాన్ని మేమైతే పక్కన పెడతాం.

ఇంకో రెండు పరీక్షలు కూడా అడగండి. ఫ్లోరైడ్, సల్ఫైడ్, కార్బొనేట్ సోడియం లవణాలు వేస్తే పీహెచ్ పెరుగుతుంది. బఫర్ బలహీనమైతే సెన్సర్ స్పందించేది అయాన్‌కు కాదు, పీహెచ్‌కు. అలాగే నీటిలో కరగని రంజకం ఉప్పు పడగానే గుంపులుగా గడ్డకట్టి వెలుగు మారుస్తుంది. అదే అయాన్ బలం వచ్చేలా సోడియం నైట్రేట్ వేస్తే ఆ గుట్టు బయటపడుతుంది. కుళాయి నీటిలో మిగిలిన క్లోరిన్ రంజకాన్ని తినేస్తుంది, చిటికెడు ఆస్కార్బిక్ ఆమ్లంతో దాన్ని ముందే తీసేయండి.

ఖాళీలోని శిఖరం నీటి రామన్ పరిక్షేపణం (నీటి అణువులు కాంతిని తరంగదైర్ఘ్యం మార్చి చెదరగొట్టడం) అయ్యుంటుంది. 350 నానోమీటర్ల ఉత్తేజానికి అది 397 దగ్గర వస్తుంది. ఉత్తేజాన్ని 360కి మార్చి చూడండి. శిఖరం పక్కకు జరిగితే అది రామన్, ఉన్నచోటే ఉంటే ఫ్లోరోసెన్స్. 700 దగ్గర కనిపించేది గ్రేటింగ్ (పరికరంలో కాంతిని విడదీసే పలక) రెండో క్రమం, అంటే ఉత్తేజ కాంతి రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కనబడడం. ఇక నమూనా శోషణం ఉత్తేజ తరంగదైర్ఘ్యం దగ్గర 0.1 దాటితే, రంగు వల్లే వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది. పలుచన చేయండి. కుదరకపోతే ఉత్తేజ, ఉద్గార తరంగదైర్ఘ్యాల దగ్గరి శోషణాల సగటును 10కి ఘాతంగా వేసి తీవ్రతను దానితో గుణించండి. గుర్తింపు పరిమితికి ఖాళీ నమూనాను కనీసం 10 సార్లు చదివి, ప్రామాణిక విచలనాన్ని 3తో గుణించి వాలుతో భాగించండి. ఆ అంకె శుద్ధ నీటిలోది. అసలు నమూనాలో తెలిసిన మోతాదు కలిపి, 90 నుంచి 110 శాతం తిరిగి దొరికిందని చూపాకే దాన్ని ఆ నీటికి వర్తింపజేయండి.